లెక్కలో తేలిన 14 టన్నులు

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరిన మొదటి సీజన్‌లోనే, రోజుకు ఏ రకం కాయ ఎంత కొనాలో లెక్క తేల్చే పని నాకు అప్పగించారు. తిరుపతిలో ఎమ్మెస్సీ గణితం చదివినప్పుడు పరిమితులకు లోబడి గరిష్ఠ లాభాన్ని వెతికే సింప్లెక్స్ పద్ధతి పట్టికలు చేత్తో నింపిన అలవాటు ఉంది కాబట్టి, ఇది వారం రోజుల పని అనుకున్నాను.

షరతులు నాలుగే. మాగబెట్టే గోడౌన్‌లో 600 టన్నులకు చోటుంది. తోతాపురి రకం కాయ అందులో 5 రోజులు, ఖాదర్ రకం 4 రోజులు ఉండాలి. గుజ్జు తీసే లైను రోజుకు 150 టన్నులు లాగుతుంది. ఖాదర్ రోజుకు 30 టన్నులకు మించి దొరకదు. రైతులకు రోజుకు 140 టన్నులు దించుకుంటామని మాట ఇచ్చాము. టన్నుకు మిగిలేది తోతాపురి మీద 2000 రూపాయలు, ఖాదర్ మీద 3000. వీటిని పైథాన్‌లో రాసి, ఇలాంటి లెక్కలు సాధించే హైస్ (HiGHS) అనే ఉచిత ప్రోగ్రాంకు, అంటే సాల్వర్‌కు ఇచ్చాను. రెప్పపాటులో జవాబు వచ్చింది: సాధ్యమైన పరిష్కారం లేదు.

తప్పు నాదేననుకుని రెండు రాత్రులు ప్రతి గుర్తునూ, ప్రతి అంకెనూ సరిచూశాను. జార్జ్ డాంట్జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతిని కనుగొన్నప్పుడు, 77 ఆహార పదార్థాలూ 9 పోషకాలూ ఉన్న ఒక లెక్కను చేతి యంత్రాల మీద సాధించడానికి మొత్తం 120 పనిదినాలు పట్టాయని చదివాను. ఇప్పుడు యంత్రానికి క్షణం చాలు. ఆ క్షణంలో వచ్చిన జవాబు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికే మనిషికి రోజులు పడుతున్నాయి.

మూడో రోజు పద్ధతి మార్చాను. ప్రతి షరతుకూ ఒక సడలింపు రాశిని చేర్చి, సడలించిన ప్రతి టన్నుకూ లాభం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఒకే జరిమానా వేశాను. అలా చేస్తే సాల్వర్ జవాబు లేదని ఊరుకోదు. ఎక్కడ, ఎంత సడలిస్తే లెక్క కుదురుతుందో చూపుతుంది. మిగిలిన రాశులన్నీ సున్నా అయ్యాయి. రైతులకిచ్చిన మాట దగ్గర మాత్రం 14 అని వచ్చింది.

ఆ అంకెను గోడౌన్ సూపర్‌వైజర్‌కు చూపించాను. ఆయన కాగితం వైపు కూడా చూడకుండా, "కాయ మాగేదానికి చోటు యాడుంది మేడం? గేటు ముందర చూడండి" అన్నారు. వెళ్ళి చూస్తే, బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చిన లారీ ఒకటి, ట్రాక్టర్లు రెండు రాత్రి నుంచి అక్కడే ఉన్నాయి. ట్రాలీలో అడుగున ఉన్న కాయ బరువుకు నలిగి, రసం రోడ్డు మీదికి కారుతోంది. లెక్కలో తప్పేమీ లేదు. మేము నిలబెట్టుకోలేని మాట ఇచ్చామనే సాల్వర్ మొదటి రోజు నుంచీ చెబుతోంది.

ఆ షరతును పక్కన పెట్టి మళ్ళీ నడిపితే తోతాపురి 96, ఖాదర్ 30, మొత్తం 126 టన్నులని వచ్చింది. దానికంటే విలువైనది షాడో ప్రైస్, అంటే ఒక షరతును ఒక యూనిట్ సడలిస్తే లాభం ఎంత పెరుగుతుందో చెప్పే అంకె. గోడౌన్‌లో ఒక టన్ను చోటుకు అది రోజుకు 400 రూపాయలు, లైనుకు సున్నా. ఆ వారంలోనే మా యజమాని లైను సామర్థ్యం పెంచడానికి కొత్త యంత్రం కొనబోతున్నారు. 24 టన్నుల సామర్థ్యం ఇప్పటికే ఖాళీగా ఉన్న లైనుకు ఇంకో యంత్రం ఎందుకని, ఆ సున్నాను ఆయన ముందు పెట్టి అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే చోటు ఎంత కావాలమ్మా?" అన్నారు. రైతులకిచ్చిన 140 టన్నుల మాట నిలబడాలంటే, రోజుకు 14 టన్నుల తోతాపురి 5 రోజుల చొప్పున, ఇంకో 70 టన్నులకు చోటు కావాలి.

లారీల దగ్గర మరో చిక్కు వచ్చింది. పది టన్నుల లారీలు 9.6 పిలవలేము, పదికి సవరిస్తే గోడౌన్‌లో 620 టన్నులవుతుంది. అందుకే వాహనాల సంఖ్య పూర్ణాంకాలుగానే ఉండాలని చెప్పి, సమస్యను కొమ్మలుగా చీల్చుకుంటూ వెతికే బ్రాంచ్ అండ్ బౌండ్ పద్ధతితో సాధించాను. తోతాపురికి 9 లారీలు, మూడు టన్నుల ట్రాక్టర్లు 2 అని తేలింది.

పక్కనే ఉన్న ఖాళీ షెడ్డును సీజన్ వరకు అద్దెకు తీసుకున్నారు. తోతాపురి 11 లారీలకు పెరిగింది, గేటు ముందు వరుస మొదటి రోజే తగ్గింది. గుజ్జు మాత్రం ఐదు రోజులు పాత లెక్కలోనే వచ్చింది, ఎందుకంటే కొత్తగా దించిన కాయ ఇంకా మాగుతోంది. నా నమూనా నిలకడగా సాగే రోజులకు రాసింది. ఈ మధ్య రోజులు అందులో లేవు. ప్రతి రోజుకూ వేరువేరు చలరాశులు పెట్టి, నిన్నటి నిల్వను నేటి నిల్వకు కలిపే సమీకరణాలతో దాన్ని తిరగరాస్తుండగానే, ఆరో రోజు ఉదయం లైను మీద 140 టన్నులు పడ్డాయి.