టికెట్ డబ్బులు ఖాతాలో పడ్డాక కూడా ఎలా వెనక్కి పోతాయంటే

ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మేశాం, డబ్బులు ఖాతాలో పడిపోయాయి, ఇక మనవే అనుకునే కమిటీలు మా ఒడిశా బరంపురంలో చాలానే ఉన్నాయి. ఇదివరకు చందా పుస్తకం పట్టుకుని వీధి వీధీ తిరిగినవాళ్లే ఇప్పుడు నాటకానికైనా, పాట కచేరీకైనా పేమెంట్ లింకు వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నారు. సుఖంగానే ఉంది. షో అయిన రెండు నెలలకి గేట్‌వే (ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు తీసుకుని మన ఖాతాలో వేసే కంపెనీ) నుంచి డిస్ప్యూట్, అంటే ఆ పేమెంట్ మీద కొన్నవాళ్లు ఫిర్యాదు చేశారని మెయిల్ వచ్చి, ఆ మేరకు డబ్బు కోసేశాక మాత్రం "ఏటి బాబూ ఇది, వచ్చేసిన డబ్బులు మళ్లీ ఎలా పోతాయి?" అని ట్రెజరర్లు నాకు ఫోన్ చేస్తారు. ఒకటి రెండు కమిటీలకి ఈ లెక్కలు చూసిపెడుతుంటాను కాబట్టి, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా.

రిఫండ్ మీరు మీ చేత్తో ఇచ్చేది. ఛార్జ్‌బ్యాక్ అంటే బ్యాంకు ద్వారా ఆ డబ్బు వెనక్కి లాక్కోవడం. అందులో టికెట్ కొన్నాయన మీ దాకా రాడు, నేరుగా తన కార్డు ఇచ్చిన బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాడు. ఆ బ్యాంకు వీసా, మాస్టర్‌కార్డ్, రూపే, ఏ కార్డైతే ఆ నెట్‌వర్క్ ద్వారా గేట్‌వే తరఫు బ్యాంకుని అడుగుతుంది, వాళ్లు గేట్‌వేని, గేట్‌వే మిమ్మల్ని. చాలాసార్లు మీ జవాబు వినకముందే ఆ సొమ్ము ఆపేస్తారు. దానిమీద విడిగా ఫీజు ఉందంటే అది మీరు చదవకుండా టిక్ పెట్టిన అగ్రిమెంటులో రాసే ఉంటుంది.

అందరూ బోల్తా పడేది ఆ ఫిర్యాదు చేసే గడువు దగ్గర. వీసా, మాస్టర్‌కార్డ్ రూల్స్‌లో మామూలుగా 120 రోజులు అంటారు, నిజమే, కానీ "డబ్బు కట్టాను, షో జరగలేదు" అనే ఫిర్యాదుకి ఆ 120 రోజులు టికెట్ కొన్న రోజు నుంచి కాదు, షో జరగాల్సిన రోజు నుంచి లెక్క. మొత్తమ్మీద డబ్బు కట్టిన నాటి నుంచి 540 రోజులు దాటకూడదు, అంతే. అంటే ఆగస్టులో తగ్గింపు ధరకి టికెట్లు అమ్మి, డిసెంబరు చివర్లో షో పెట్టుకుంటే ఏప్రిల్ దాకా మీ మెడ మీద కత్తి ఉన్నట్టే. ఈలోగా కళాకారులకి, హాలుకి, మైకు సెట్టువాడికి ఇచ్చేయగా ఖాతాలో ఏం మిగులుతుంది?

మన వైపు దీనికి తుఫాను కూడా తోడవుతుంది. 2013లో ఫైలిన్ సరిగ్గా దసరా రోజుల్లోనే, అక్టోబర్ 12న, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11న, అప్పుడే నవరాత్రులు మొదలయ్యాయి. ఈ కాలంలో షో పెట్టేవాళ్లు వాయిదా సంగతి ముందే ఆలోచించుకోవాలి. "తుఫానొస్తే మేమేం చేస్తాం" అంటే మనిషిగా నాకు అర్థమవుతుంది, బ్యాంకు చూసేది మాత్రం వేరు: షో జరిగిందా, జరగకపోతే డబ్బు తిరిగిచ్చారా, వాయిదా షరతు కొనేటప్పుడే చూపించి ఒప్పించారా. కొత్త తేదీకి ఒప్పుకున్నది కమిటీ మీటింగులో మీరు, కొన్నవాళ్లు కాదు. వద్దన్నవాడికి వెంటనే రిఫండ్ ఇచ్చేస్తే సగం గొడవలు బ్యాంకు గడప తొక్కవు. నా అంచనాలో ఛార్జ్‌బ్యాక్ వేసేవాళ్లలో మోసగాళ్లు తక్కువ, కమిటీ వాళ్లు ఫోన్ ఎత్తక విసిగిపోయినవాళ్లే ఎక్కువ.

మా ఊళ్లో ఇంకో జబ్బుంది. కమిటీ పేరున గేట్‌వే ఖాతా ఉండదు, సభ్యుల్లో ఎవరిదో పట్టుచీరల షాపు ఖాతా వాడేస్తారు. కొన్నవాళ్ల స్టేట్‌మెంట్‌లో చీరల షాపు పేరు కనిపిస్తుంది, విశాఖలో ఉన్న కోడలు "నేనెప్పుడు చీర కొన్నాను?" అని బ్యాంకుకి ఫోన్ కొడుతుంది. పైగా చీరలమ్ముతామని చెప్పి తెరిచిన ఖాతాలో టికెట్లమ్మితే గేట్‌వే ఆ షాపు డబ్బులు కూడా ఆపేయొచ్చు. పాపం ఆయన పండగ బేరం ఏం కావాలి?

"అసలు ఆ పేమెంట్ నేను చేయలేదు" అనే ఫిర్యాదులు మన దేశపు కార్డులకి ఓటీపీ ఉంటుంది కాబట్టి మామూలుగా ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు మీదకే పోతాయి. అమెరికా నుంచి పిల్లలు అమ్మానాన్నలకి కొనిపెట్టే టికెట్లతోనే జాగ్రత్త, ఓటీపీ లేకుండా వచ్చిన విదేశీ కార్డైతే నిరూపించుకునే భారం మీదే.

యూపీఐ గొడవ వేరే రకం. డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు, కంగారుపడి రెండోసారి కడతారు. మీ సిస్టమ్‌కి చేరని డబ్బు లావాదేవీ తర్వాత 5 రోజుల్లో తిరిగి పడాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు పరిహారం అని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లోనే చెప్పింది. రెండూ మీకే చేరితే మాత్రం వాళ్లు అడగకముందే ఒకటి వెనక్కి పంపేయండి.

షో చూసి వెళ్లి, చూడలేదని ఫిర్యాదు చేసేవాళ్లూ ఉంటారు. అక్కడ మిమ్మల్ని కాపాడేది గేటు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసిన టైముతో ఉన్న రికార్డు. మనవాళ్లేమో తెలిసిన ముఖం కనిపిస్తే "రండి మావయ్యా, లోపలికి రండి" అని స్కాన్ చేయకుండానే కుర్చీ చూపించేస్తారు! మర్యాద బాగానే ఉంది, మూడు నెలల తర్వాత బ్యాంకుకి ఏం పంపిస్తారు?

డిస్ప్యూట్ మెయిల్ వచ్చాక భయపడి విడిగా రిఫండ్ ఇవ్వొద్దు, రెండుసార్లు పోతుంది. తప్పు మనదే అయితే ఆ డిస్ప్యూట్‌నే ఒప్పుకోండి. అంతకుముందే రిఫండ్ ఇచ్చి ఉంటే దాని ఏఆర్ఎన్ నంబరు (ఆ రిఫండ్‌ని బ్యాంకులో గుర్తుపట్టే నంబరు) పంపండి. జవాబుకి గేట్‌వే ఇచ్చేది కొద్ది రోజులే, ఆ లోపు పంపకపోతే ఓడిపోయినట్టే లెక్క. ఆ మెయిల్ ఏ ఐడీకి వస్తుందో, అది ఎవరి ఫోన్లో ఉందో ఇవాళే కనుక్కోండి. చాలా కమిటీల్లో అది, ఎప్పుడో లింకు తయారుచేసి ఇచ్చి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడిది.