సఫోక్ దుక్కుల్లో పాత నాణేల వెంట

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో నారిచ్ రైలెక్కితే గంటన్నరకి డిస్ అనే ఊళ్లో దిగుతాం. అక్కణ్ణుంచి ఇంగ్లండు తూర్పున సఫోక్ కౌంటీలో ఉన్న హాక్సన్ గ్రామం ఓ నాలుగైదు మైళ్లు. బస్సుని నమ్ముకోవద్దు. డిటెక్టరు (మట్టిలోని లోహాన్ని పసిగట్టి కూత పెట్టే యంత్రం), పార, బురద బూట్లు, మంచినీళ్లు మోసుకెళ్లేవాళ్లకి కారే దిక్కు. మేం వెళ్లింది సెప్టెంబరు మొదట్లో. గోధుమ కోతలైపోయి చేలల్లో మోళ్లు మాత్రం మిగిలి ఉన్నాయి. మళ్లీ దున్ని విత్తనం వేసేలోపు దొరికే ఆ కొద్ది వారాలే పాత నాణేల వెతుకులాటకి అసలైన అదను. దానికి ముందు ఒక మంచి వాన పడి ఉంటే ఇంకా మేలు. తడిసిన మట్టిలో సిగ్నల్ స్పష్టంగా వస్తుంది, పార కూడా సులువుగా దిగుతుంది.

డిటెక్టరు పట్టినవాళ్లు హాక్సన్ పేరు వినకుండా ఉండరు. 1992 నవంబరు 16న ఎరిక్ లాస్ అనే పెద్దాయన, తెలిసిన రైతు పోగొట్టుకున్న సుత్తి వెతకడానికి డిటెక్టరుతో పొలంలోకి దిగాడు. సుత్తి కన్నా ముందు వెండి చెంచాలు, బంగారు నాణేలు బయటపడ్డాయి. రెండు సంచులు నిండాక ఆయన తవ్వడం ఆపేశాడు. రైతుకి, పోలీసులకి కబురు చేశాడు. మర్నాడే పురావస్తు నిపుణులు వచ్చి మిగిలినదంతా మట్టితో సహా పద్ధతిగా వెలికి తీశారు. మొత్తం 14,865 రోమన్ నాణేలు తేలాయి: 569 బంగారువి, 14,272 వెండివి, 24 కంచువి. ఇవి కాక సుమారు 200 వెండి పాత్రలు, బంగారు నగలు.

ఆయన అక్కడ ఆగబట్టే ఆ నిధి దాచిన తీరు మనకి తెలిసింది. సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 30 ఎత్తున్న చెక్కపెట్టె ఎప్పుడో కుళ్లిపోయింది. కానీ దాని బందులు, చిన్న చిన్న తాళాలు ఎక్కడివక్కడే ఉండటంతో లోపల ఏ వస్తువు ఏ మూల సర్దారో చెప్పగలిగారు. ఇంకో గంట తవ్వి ఉంటే వెండి, బంగారం మిగిలేవి గానీ పెట్టె మాయమయ్యేది. ఈ పనిలో చేతికి రావలసిన మొదటి విద్య ఎక్కడ ఆగాలో తెలియడమే.

హాక్సన్‌లో నిధి దొరికిన చోట ఎవరుపడితే వాళ్లు డిటెక్టరు తిప్పడానికి లేదు, తిప్పకూడదు కూడా. మాకు అనుమతి ఉన్న పొలం అక్కడికి కొన్ని మైళ్ల అవతల, ఎ140 రోడ్డుకి దగ్గర్లో. ఆ రోడ్డు చాలా దూరం పాత రోమన్ బాట మీదే నడుస్తుంది. కొల్చెస్టర్ నుంచి కేస్టర్ సెయింట్ ఎడ్మండ్ వెళ్లే ఆ బాట వేవ్నీ నదిని దాటేచోట, ఇవాళ స్కోల్ అంటున్న ఊరి దగ్గర, రోమన్ల కాలంలో ఒక జనావాసం ఉండేది. బాటకి అటూ ఇటూ ఉన్న చేలల్లో నాణేలు రాలి ఉండటానికి అదే కారణం. సంతలు, బండ్లు నిలిపే చోట్లు, చిల్లర మారిన చోట్లు.

బయల్దేరే ముందు చేయాల్సిన పని ఇంటి దగ్గరే ఉంటుంది. చారిత్రక స్థలాల్ని చూసుకునే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ పటంలో ఆ పొలం రక్షిత కట్టడాల పరిధిలోకి వస్తుందేమో చూడాలి. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా డిటెక్టరు వాడటమే 1979 చట్టం ప్రకారం నేరం, ఏమీ తవ్వకపోయినా సరే. తర్వాత మ్యాజిక్ అనే ప్రభుత్వ పటంలో ప్రకృతి సంరక్షణ ఆంక్షలు, పర్యావరణ పథకాల కింద ఉన్న భూములు చూసుకోవాలి. ఆ తర్వాతే రైతు దగ్గరికి వెళ్లాలి. అనుమతి కాగితం మీద ఉండాలి, దొరికిన దాంట్లో ఎవరి వాటా ఎంతో అందులోనే రాసుకోవాలి. భూమి కౌలుదారుడి చేతిలో ఉంటే యజమాని సంతకం కూడా కావాలి. ఇక్కడ తొందరపడి మాట మీద సరిపెట్టుకున్నవాళ్లకే తర్వాత గొడవలు వస్తాయి.

చట్టం కూడా గుర్తుండాలి. 1996 ట్రెజర్ చట్టం ఇంగ్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండులకి వర్తిస్తుంది. 300 ఏళ్లు దాటి, కనీసం పదో వంతు బంగారం లేదా వెండి ఉన్న వస్తువు నిధి కిందికి వస్తుంది. నాణేలైతే అలాంటివి రెండు, అంతకన్నా ఎక్కువ ఒకేచోట దొరకాలి. రాగి, కంచు నాణేలైతే కనీసం పది ఉండాలి. అలాంటిది దొరికితే 14 రోజుల్లోపు కరోనర్‌కి, అంటే నిధుల మీద విచారణ జరిపే స్థానిక అధికారికి, తెలియజేయాలి. 2023లో చేసిన సవరణతో, 200 ఏళ్లు దాటి చారిత్రకంగా విశేషమైన వస్తువులు ఏ లోహానివైనా నిధి కిందికి చేరాయి. మ్యూజియం తీసుకుంటే వచ్చే పారితోషికం మామూలుగా దొరికినవాళ్లకి, భూయజమానికి చెరి సగం. స్కాట్లండు దారి వేరు, అక్కడ దొరికిన ప్రతి పురావస్తువునీ చూపించాల్సిందే.

ఇక సామగ్రి. మేం వాడింది మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800, దానికి 11 అంగుళాల డబుల్-డి కాయిల్, అంటే నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం. గోతిలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే, చేతిలో పట్టే పిన్‌పాయింటర్, స్టెయిన్‌లెస్ స్టీలు పార, హెడ్‌ఫోన్లు, జిప్ కవర్లు, పెన్ను. బూట్ల ముందుభాగంలో ఉక్కు కవచం ఉండకూడదు. కాయిల్ కాలి దగ్గరికి వచ్చినప్పుడల్లా కూత పెడుతుంది.

చేలోకి దిగగానే ముందు ఇనుము లేని చోటు చూసుకుని, చుట్టుపక్కల కరెంటు గోలని తగ్గించే నాయిస్ క్యాన్సిల్ నొక్కాలి, ఆ తర్వాత గ్రౌండ్ బ్యాలెన్స్. కాయిల్‌ని నేలకి రెండు అంగుళాల ఎత్తు నుంచి పైకీ కిందకీ ఆడిస్తూ ఉంటే మట్టి శబ్దం క్రమంగా అణిగిపోతుంది. మోడ్ ఫీల్డ్ 2 (చేల కోసం ఉన్న అమరిక), మల్టీ ఫ్రీక్వెన్సీ. సెన్సిటివిటీ, అంటే సన్న సిగ్నల్‌ని పట్టే శక్తి, 25 దాకా ఉంది కదా అని అక్కడే పెట్టేస్తారు చాలామంది. కరెంటు కంచె ఉన్న చేలో అది పనికిరాదు, ప్రతి సెకనుకీ టిక్కుమంటుంది. 19, 20 దగ్గర నిశ్శబ్దంగా ఉన్న యంత్రం 25 దగ్గర గోల చేసే యంత్రం కన్నా లోతుగా చూపిస్తుంది, ఎందుకంటే ఆ గోలలో సన్న సిగ్నల్ చెవికి అందదు. సెల్‌ఫోన్ కూడా కాయిల్‌కి దూరంగా ఉండాలి.

ఊపడంలోనే సగం పని ఉంది. కాయిల్ నేలకి సమాంతరంగా, మోళ్లని తాకుతూ పోవాలి. ఊపు చివర్లో చెయ్యి పైకి లేస్తే అక్కడ రెండు అంగుళాల లోతు పోయినట్టే. ఎడమ నుంచి కుడికి రెండు మూడు సెకన్లు, అడుగు వేసే ప్రతిసారీ సగం కాయిల్ ముందటి ఊపు మీద పడేలా. రోమన్ మేకులు దట్టంగా ఉన్న చోట ఆరంగుళాల కాయిల్ మార్చి, రికవరీ స్పీడ్ (ఒక సిగ్నల్ నుంచి తేరుకుని తర్వాతిది పట్టే వేగం) పెంచి, ఇంకా నెమ్మదిగా నడవాలి. అలాంటి చోట పెద్ద కాయిల్ కింద మేకూ నాణెమూ ఒకేసారి పడతాయి, మేకు నాణేన్ని మింగేస్తుంది.

కింద ఏ లోహం ఉందో చెప్పే తెర మీది అంకెల్ని పూర్తిగా నమ్మకూడదు. ఈ యంత్రంలో ఇనుము సున్నాకి కిందే ఉండాలి గానీ, తుప్పు పట్టిన పెద్ద నాగలి ముక్క ముప్పై పైన చూపించి వెండిలా ఊరిస్తుంది. దాన్ని కనిపెట్టే పద్ధతి ఒకటే: తొంభై డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపాలి. నాణెమైతే ఏ పక్క నుంచి ఊపినా అదే గుండ్రటి కూత, అదే చోట. ఇనుమైతే ఒక పక్క తీయగా, మరో పక్క గరగరగా పలుకుతూ చోటు జరుగుతుంది. పాత ఆవిరి నాగళ్ల నుంచి రాలిన కోక్ బొగ్గు ముక్కలు కూడా చాలా మోసం చేస్తాయి. అన్నిటికన్నా బాధ పెట్టేది కంపోస్టు. ఊరి చెత్తతో చేసిన ఎరువు చల్లిన చేలో అల్యూమినియం పీలికలు, బాటరీ ముక్కలు అడుగడుగునా పలుకుతాయి. అలాంటి చేను కనపడితే నేను పక్క చేలోకి పోతాను. దాని మీద సమయం పెట్టడం దండగ.

సిగ్నల్ ఖాయమయ్యాక తవ్వే తీరు ఇది. పిన్‌పాయింట్ బొత్తంతో మధ్యబిందువు పట్టి, దానికి నాలుగైదు అంగుళాల దూరంలో పార దించాలి. మధ్యలో దించితే నాణేనికే గంటు పడుతుంది. మట్టిపెళ్లని పక్కకి తిరగేసి, పెళ్ల మీద, గోతి మీద విడివిడిగా కాయిల్ తిప్పి చూడాలి. పెళ్లలోనే ఉంటే దాన్ని చేత్తో విరిచి పిన్‌పాయింటర్‌తో వెతకాలి. నాగలి కదిపిన మట్టి ఇక్కడ ఎనిమిది, పది అంగుళాల లోతు ఉంటుంది. దాని కింద రంగు మారి గట్టిపడ్డ నేల వస్తే, సిగ్నల్ ఇంకా కిందే ఉంటే, పార పక్కన పెట్టేయాలి. దున్నిన మట్టిలోది ఎలాగూ చోటు మారి ఉంటుంది. ఆ కింద ఉన్నది మాత్రం పెట్టినవాళ్లు పెట్టినట్టే ఉంది.

బాటకి దగ్గరి చెక్కలో, తెర మీద అంకె పన్నెండు, పదిహేడు మధ్య ఊగుతున్న ఒక పలచని కూత దగ్గర ఆరంగుళాల లోతులో వెండి మెరిసింది. చిటికెనవేలి గోరంత సిలిక్వా, రోమన్ల చివరి కాలపు చిన్న వెండి నాణెం. చుట్టూ అంచు కత్తిరించి ఉంది. చక్రవర్తి ముఖం పూర్తిగా మిగిలింది, పేరున్న అక్షరాలు సగానికి తెగిపోయాయి. కత్తెర ఆడినచోట అంచు నునుపుగా కాదు, చిన్న చిన్న పలకలుగా ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఇలా అంచులు కత్తిరించడం బ్రిటన్‌లో 5వ శతాబ్దం మొదట్లో బాగా సాగింది. రోమన్ సామ్రాజ్యం నుంచి కొత్త నాణేలు రావడం ఆగిపోయింది. ఉన్నవాటి అంచులు కోసి ఆ వెండిని దాచుకున్నారు, దాంతో నకళ్లూ పోశారు. ముఖం జోలికి మాత్రం పోలేదు. హాక్సన్ నిధిలోని సిలిక్వాల్లో నూటికి తొంభై ఎనిమిదికి పైగా ఇలా కత్తిరించినవే.

ఒక్క నాణెం నిధి కాదు గనక చట్టం అడగదు. అయినా నమోదు చేయించాలి. వెంటనే గ్రిడ్ రిఫరెన్స్, అంటే పటం మీద ఆ చోటుని చెప్పే అంకెలు, రాసుకున్నాం, పది అంకెలది. ఆరు అంకెలైతే వంద మీటర్ల చదరం, ఎనిమిదైతే పది మీటర్లు, పదైతే ఒక మీటరు. ఫోనులో ఉచిత యాప్ చెబుతుంది. కవరు మీదే రాయాలి, నాణేనికో కవరు. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాద్దామనుకుంటే ఏది ఎక్కడిదో కలిసిపోతుంది. డబ్బు కట్టి వందలమంది ఒకే చేలో దిగే ర్యాలీలంటే నాకు గిట్టకపోవడానికి కారణం ఇదే. అక్కడ దొరికినవి చాలావరకు చిరునామా లేకుండానే ఇంటికి పోతాయి.

అదే గోతిలో రెండో నాణెం, మూడో నాణెం వస్తే ఇక చెయ్యి పెట్టకూడదు. కొలబద్ద పక్కన పెట్టి ఫోటో తీయాలి, గ్రిడ్ రాయాలి, మట్టి కప్పేయాలి, రైతుకి చెప్పాలి, జనానికి దొరికిన పాత వస్తువుల్ని నమోదు చేసే, కౌంటీలోని ఫైండ్స్ లియైజన్ ఆఫీసర్‌కి ఫోను చేయాలి. సోషల్ మీడియాలో ఒక్క ఫోటో కూడా పెట్టొద్దు. రాత్రిపూట దొంగతవ్వకాలు చేసేవాళ్లు అలాంటి ఫోటోల వెనకాల చెట్ల వరసని చూసే పొలం పోల్చేస్తారు. ఇంకొక్క హెచ్చరిక. ఈ ప్రాంతమంతా రెండో ప్రపంచయుద్ధం నాటి వైమానిక స్థావరాలే. బాంబు ఆకారంలో ఏదైనా కనిపిస్తే తాకకుండా దూరం జరిగి 999కి ఫోను చేయాలి.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సినది శుభ్రం చేయడం గురించి. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, విభూది ఏవీ వద్దు. పూజ సామాన్లు తళతళలాడించే ఆ పులుపూ, ఆ బూడిద రాపిడీ రాగి నాణెం మీది పచ్చటి పొరని తినేస్తాయి. అక్షరాలు, బొమ్మ ఉండేది ఆ పొరలోనే. వెండిని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి, రుద్దకుండా ఆరనివ్వాలి. రాగినీ కంచునీ అసలు తడపకుండా, మట్టితోనే ఆఫీసర్‌కి అప్పగించాలి.

ఇదంతా చదివి ఊళ్లో కోటగోడ పక్కన డిటెక్టరు తిప్పొచ్చని ఎవరూ అనుకోవద్దు. మన దేశంలో 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దాగి పది రూపాయల విలువ మించినది ఏది దొరికినా కలెక్టరుకి రాసివ్వాలి. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లలో నందుల్ని పెకలించి, గర్భగుడులు తవ్వి పోతున్న ముఠాల వార్తలు మనకి కొత్త కాదు. వాళ్లు ఎత్తుకుపోయే లోహం కన్నా చెదరగొట్టే మట్టి వల్ల నష్టం ఎక్కువ. గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో ఉన్న కోటిలింగాలనే చూడండి. అక్కడి నేల మీద ఏరిన గోబద, నారన, సమగోప నాణేలు, సిముకుడి నాణేలు శాతవాహనుల తొలి రోజుల చర్చనే మలుపు తిప్పాయి. అవి ఆ ఊరివని రాసిపెట్టినవాళ్లు ఉండబట్టే అది జరిగింది. అవే నాణేలు ఊరు పేరు లేకుండా ఒక వ్యాపారి పళ్లెంలో తేలి ఉంటే, పాత లోహపు బిళ్లలుగానే మిగిలేవి.

సిలిక్వాని సఫోక్ ఆఫీసర్‌కి ఇచ్చి రసీదు తీసుకున్నాం. తూకం, వ్యాసం, ఫోటోలతో జనానికి దొరికిన పురావస్తువుల్ని నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ డేటాబేస్‌లో ఎక్కడానికి నెలలు పడుతుంది. అందులో ఇప్పటికే 15 లక్షలకు పైగా వస్తువులున్నాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. తిరుగు దారిలో లండన్‌లో దిగినప్పుడు బ్రిటిష్ మ్యూజియం 49వ గదికి తప్పకుండా వెళ్లండి. హాక్సన్ నిధి అక్కడే ఉంది, ప్రవేశం ఉచితం. అందులో రాణి ఆకారంలో వెండి మిరియాల డబ్బా ఒకటుంది, అలాంటివి నిధిలో మొత్తం నాలుగు. వాటిలో పోసిన మిరియాలు మన పడమటి తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన సరుకే. ఆ వ్యాపారం తెచ్చిన రోమన్ వెండి నల్గొండ జిల్లా అక్కనపల్లి దాకా వచ్చి చేరింది.

దొరికిన నాణెం మీ వాటాకే వచ్చినా, దాన్ని జేబులో వేసుకుని హైదరాబాద్ విమానం ఎక్కకండి. బ్రిటన్ నేలలోంచి తీసిన, 50 ఏళ్లు దాటిన పురావస్తువుని దేశం దాటించాలంటే దాని విలువ ఎంతైనా సాధారణంగా ఎగుమతి లైసెన్సు కావాలి. దరఖాస్తులో స్కీమ్ ఇచ్చిన రికార్డు నంబరు రాస్తే పని త్వరగా తెములుతుంది. సఫోక్‌వి ఎస్‌ఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతాయి.