వెలుగుతో గీసిన నగలు

నా గీతలు బిగుసుకుపోయాయని అనిపించినప్పుడల్లా పెన్సిలు పక్కన పెట్టి, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల వైపు మళ్లుతాను. మేకతోలును శుభ్రపరచి, వెలుతురు చొరబడేంత పలుచగా తయారుచేసి, దానిపై బొమ్మ గీసి, నగలు ఉండవలసిన చోటల్లా చిన్న ఉలులతో రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. నన్ను కట్టిపడేసేవి ఆ రంధ్రాలే. తెర వెనుక దీపం వెలిగించగానే సీత మెడలో ముత్యాలుగా, రావణుడి కిరీటంలో రవ్వలుగా మెరిసేది వాటి గుండా వచ్చే వెలుగే. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది.

ఇప్పుడక్కడ దీపాల తొడుగులు కూడా చేస్తున్నారు. అది కళ దిగజారడమని పెదవి విరిచేవారితో నేను ఏకీభవించను. ఆట చూసే జనం పలుచబడ్డాక ఆ చేతులకు పని దొరకడమే ముఖ్యం.

గీయడమంటే గీత చేర్చడమే కానక్కరలేదని ఈ బొమ్మల వల్లే నాకు తోచింది. ప్రస్తుతం నల్లని అట్టమీద మా అమ్మమ్మ ముక్కుపుడకను సూదితో పొడుస్తున్నాను. తెల్లని బల్బు ముందు పెడితే రాళ్లు వెలవెలబోతున్నాయి కనుక పసుపు బల్బే వాడుతున్నాను.