ఒకే లెక్క రెండు చోట్ల ఉన్నప్పుడు

పెద్ద ప్రాజెక్టులో డూప్లికేట్ కోడ్‌ను కంటితో పట్టుకోవడం అయ్యే పని కాదు కాబట్టి నేను పీఎండీ అనే కోడ్ తనిఖీ సాధనంతో పాటు వచ్చే, నకలు కోడ్‌ను వెతికే సీపీడీని వాడుతాను. అది టోకెన్లను, అంటే కోడ్‌లోని పదాలు, గుర్తుల వంటి చిన్న ముక్కలను పోలుస్తుంది కనుక ఖాళీలు, కామెంట్లు మారినా నకలు దొరుకుతుంది. జావాలో అయితే వేరియబుల్ పేర్లను పట్టించుకోవద్దని కూడా చెప్పవచ్చు. నకలుగా లెక్కించడానికి కావలసిన కనీస టోకెన్ల సంఖ్యను 100 దగ్గర మొదలుపెట్టడం మేలు, మరీ తగ్గిస్తే గెటర్లూ సెటర్లూ (విలువను చదివే, మార్చే చిన్న ఫంక్షన్లు) వచ్చిపడి రిపోర్టు చదవబుద్ధి కాదు.

అయితే దొరికిన ప్రతి జంటనూ కలిపేయకూడదు. ఒక బిల్లింగ్ కోడ్‌లో 18 శాతం జీఎస్టీ లెక్క రెండు చోట్ల ఉంది: ఒకటి ప్రతి వస్తువుపై పన్నును దగ్గరి పైసాకు సవరిస్తుంది, రెండోది మొత్తం మీద ఒక్కసారే సవరిస్తుంది. 10.25 రూపాయల వస్తువులు మూడు కొంటే మొదటి పద్ధతిలో పన్ను 5.55 రూపాయలు, రెండో పద్ధతిలో 5.54. ఈ పైసా తేడా కావాలని పెట్టిందా, లేక ఒకచోట దిద్ది మరోచోట వదిలేసిందా అన్నది చాలావరకు గిట్ చరిత్రే (కోడ్‌లో ఎప్పుడు ఏం మారిందో చూపే రికార్డు) చెబుతుంది. అందుకే ముందుగా ఇప్పటి ఫలితాలను యథాతథంగా నమోదు చేసే టెస్టులు రాసి, ఏ పద్ధతి సరైనదో అకౌంట్స్ విభాగాన్ని అడిగి, ఆ తరువాతే ఉమ్మడి ఫంక్షన్ రాస్తాను. దానికి మూడు నాలుగు బూలియన్ (అవును/కాదు) పారామీటర్లు చేర్చవలసి వస్తే మాత్రం, ఎవరేమన్నా సరే, రెండు కాపీలనూ అలాగే ఉండనిస్తాను.