నల్లమద్ది బెరడు

ఆదివారం మాదాపూర్‌లో ఒక పెయింటింగ్ ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. పావుగంటలో చూసేసి బయటపడదామనుకున్నా, రెండు గంటలు పట్టింది. అన్నీ నల్లమల చెంచుల బొమ్మలే.

ఒక పెద్దాయన బొమ్మ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. తేనె కోసం తాడు పట్టుకుని కొండచరియ మీంచి దిగేవాడట. దగ్గరికెళ్తే నుదుటి మీద ముడతలు కావవి, నల్లమద్ది బెరడు! మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగుళ్లు. నాలుగడుగులు వెనక్కి వేస్తే మళ్లీ మనిషి. (ఫోన్‌లో తీశాను గానీ ఆ మాయ రాలేదు.)

వేసినావిడని అడిగితే నవ్వి, ముందు చెట్లే గీసుకుంటూ కూర్చునేదాన్నండీ అంది.

శ్రీశైలం బస్సు నల్లమల అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు దాటిందంటే నాకు నిద్ర ముంచుకొస్తుంది. ఇన్నేళ్లూ వీళ్ల పక్కనుంచే గురక పెడుతూ వెళ్లానన్నమాట.