స్థలం: మూడు ఇంటూలు

మన బ్యాచ్ కలయిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి "సంచికకి నువ్వు శ్రీలంక గురించి రాయి, మిగతావన్నీ ఎవరో ఒకరు రాసేస్తున్నారు" అన్నారు. సరే. కానీ తుపాకుల కథలు రాయను. సిపాయిగా నేనక్కడున్న రోజుల్లో మీరు నాకు రాసిన ఉత్తరాల గురించి రాస్తాను. వేపచెట్టు గొడవా, ఎన్‌సీసీ క్యాంపులో మాయమైన గుడ్లూ వేరేవాళ్లు రాసుకోండి. గుడ్ల సంగతి సోడాగాడికి తెలిసినంత ఎవరికీ తెలీదు.

ముందు తెలుగు మాస్టారు. ఆయన లేఖారచన మర్చిపోయినవాడు మన 84 బ్యాచ్‌లో ఉండడు. పైన కుడివైపు స్థలం, కింద తేదీ, తర్వాత సంబోధన, చివర ఇట్లు. స్థలం వెయ్యకపోతే మార్కు కోత. పబ్లిక్‌లో మాత్రం అసలు పేరు రాయకూడదు, మూడు ఇంటూలు (×××) పెట్టి ఊరుకోవాలి. గుండుగాడు అలవాటుకొద్దీ ఇంటిపేరుతో సహా రాసేసి, రిజల్ట్స్ వచ్చేదాకా సరిగ్గా అన్నం తినలేదు కదా.

వైజాగ్‌లో సెలక్షన్, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ ట్రైనింగ్, ఆ తర్వాత లంక. 1987 జూలై 29న కొలంబోలో భారత్, శ్రీలంక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. శాంతి కాపాడాలని మన సైన్యాన్ని పంపించారు. అక్టోబరు రెండో వారానికల్లా ఉత్తరాన ఉన్న జాఫ్నా కోసం తమిళ టైగర్లతో యుద్ధమే మొదలైంది. వాళ్ల అంతర్యుద్ధంలోకి మనం వెళ్లి నిలబడ్డాం. అది తప్పో ఒప్పో పెద్దవాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేదు, నేనేం చెప్తాను.

ఉత్తరంలో ఊరిపేరు రాయకూడదని ఆర్డర్. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు, అంతే. 56 ఏపీఓకి ఏ రైలెక్కాలని సోడాగాడు స్టేషన్‌లో అడిగొచ్చాడట. నేను మాత్రం మాస్టారి పద్ధతే పాటించాను. కుడివైపు పైన "స్థలం:" అని రాసి మూడు ఇంటూలు పెట్టాను. మీరు టీకొట్టు దగ్గర చదువుకుని నవ్వుకుంటే పోయేది, తీసుకెళ్లి ఆయనకే చూపించారు!

ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "చిరంజీవి సిపాయికి ఆశీస్సులు. స్థలం వేయనందుకు ఒక మార్కు తగ్గించాను. దస్తూరి మెరుగుపడింది. 'ఇక్కడ అందరం క్షేమం' అన్న వాక్యం నాలుగుసార్లు వచ్చింది. ఒక్కసారి రాసినవాణ్ణి నమ్ముతాం."

ఆ కార్డు మా సెక్షన్‌లో, అంటే మా చిన్న దళంలో, అందరూ చదివించుకుని విన్నారు. అప్పట్నుంచి ఒక్కసారే రాసేవాణ్ణి.

జాఫ్నా దగ్గర పలాలి విమానాశ్రయంలో విమానం దిగితే డాక్ (టపా) వచ్చినట్టే. కానీ అక్కడ్నుంచి మా పోస్టుకి చేరాలంటే ముందు రోడ్ ఓపెనింగ్ పార్టీ నడవాలి. కల్వర్టుల కింద, తారు పక్కన తవ్విన మట్టిలో మందుపాతరల కోసం చూసుకుంటూ కొందరు జవాన్లు నడిచి వెళ్తే, వాళ్ల వెనకాల మీ ఇన్లాండ్ లెటర్ వచ్చేది. ఈ సంగతి అప్పుడు మీకు రాయలేదు. అక్కడ వానాకాలం మనకి మల్లే జూన్‌లో కాదు, అక్టోబరులో మొదలై ఇక వదలదు. చెమ్మకి ఇన్లాండ్ అంచుల జిగురు కరిగి లోపలికంటా అతుక్కుపోయేది. బ్లేడుతో ఎంత మెల్లిగా కోసినా ఒక లైను చిరిగేది. రేడియోగాడు రాసిన వరల్డ్ కప్ సెమీఫైనల్ అలాగే చేరింది. నవంబరు 5న బొంబాయిలో ఇంగ్లండ్ మీద ఓడిపోయామని తెలిసింది, గూచ్ స్వీప్‌లు కొట్టి చంపాడని తెలిసింది. మన సంగతి దగ్గరే కాగితం చిరిగింది. గవాస్కర్ ఎంత కొట్టాడో చాలా రోజులు తెలీలేదు. నాలుగేనని తెలిశాక, చిరగడమే నయమనిపించింది.

"ధైర్యంగా ఉండు, దేశం గర్విస్తోంది" అని రాసిన పెద్దల ఉత్తరాలు ఒక్కసారి చదివి మడిచేవాణ్ణి. ఎవరి గేదె ఈనింది, సెకండ్ షోలో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఇవి మాత్రం కాగితం మడతల దగ్గర తెగేదాకా చదివాను. కాబట్టి పనికిమాలిన విషయాలు రాసినందుకు మీలో ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

ఒకే ఒక్క ఉత్తరంలో మాత్రం "అందరం క్షేమం" రాయలేదు. ఆ వారం మా సెక్షన్‌లో ఇద్దరు పోయారు. ఎందుకు రాయలేదని మీరెవరూ అడగలేదు, గమనించి ఉండరు. మాస్టారి కార్డులో మాత్రం మార్కుల ఊసు లేదు. "అక్కడ తాటిచెట్లు ఉంటాయా నాయనా? ముంజెలు మనవాటిలాగే ఉంటాయా?" అని అడిగారు. ఉంటాయండీ, దడులు కూడా తాటాకులతోనే కడతారని పేజీ నిండా రాశాను. ఆ రాత్రి డ్యూటీలో అదే ఆలోచన. జాఫ్నా అంతా తాటిచెట్లేనని ఆయనకి తెలీకుండా ఉంటుందా?

1990 మార్చి 24న మన సైన్యంలో ఆఖరి దళం లంక వదిలింది. మన సైనికులు దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. మద్రాసు రేవులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. మన స్టేషన్‌లో నాకు మాత్రం మీరంతా వచ్చారు, అద్దెకి తెచ్చిన బ్యాండుతో సహా. ఆ బ్యాండు డబ్బులు చివరికి నేనే కట్టాను.

తర్వాత సర్వీసు మామూలే. మాస్టారు పోయినప్పుడు పఠాన్‌కోట్‌లో ఉన్నాను, సెలవు దొరకలేదు. నాయబ్ సుబేదార్‌గా సైన్యం నుంచి దిగాను, బ్యాంకులో ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటాలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో లెఫ్టినెంట్‌గా చేరింది, ఇప్పుడు కెప్టెన్. యూనిఫాంలో ఇంటికొస్తే సెల్యూట్ నేనే కొట్టాలి. కొడతాను కూడా. వాళ్లమ్మ నవ్వుతుంది.

కమిటీకి ఒక మనవి. 89 దసరాకి పెద్ద ఉత్తరం రాస్తానని రేడియోగాడు మాటిచ్చాడు, ఇంతవరకూ రాలేదు. ఆ రోజు స్టేజీ మీదికి పిలిచి వాడిచేత అక్కడే రాయించండి. స్థలం, తేదీ వెయ్యకపోతే మార్కు కోత.