ఏడో పలక కింద

మాది 1986–89 బి.జెడ్.సి. (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ బ్యాచ్, తెలుగు మీడియం. జువాలజీ ల్యాబ్ అనగానే నాకు ఫార్మలిన్ ఘాటు, వ్యాక్స్ ట్రేలో బోర్లా పెట్టి గుండుసూదులు గుచ్చిన బొద్దింక గుర్తొస్తాయి.

ఆ రోజు రెక్కలు తీసేసి, పొట్ట భాగంలో వీపు మీది పలకలు లెక్కపెట్టి బొమ్మ వేయమన్నారు మేడమ్. పది ఉండాలి. నాకు ఎనిమిదే వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టినా ఎనిమిదే. చూసి పది వేసేయొచ్చు గానీ, కనపడనివి వేయడానికి మనసొప్పలేదు. టెన్షన్‌తో చేతులకు చెమట పట్టింది.

"ఏమ్మా, లెక్క కుదరలేదా?" అంటూ మేడమ్ వచ్చి సూది అందుకున్నారు. చివరి పలకను తోకవైపు మెల్లగా లాగారు. ఏడో దాని కింద నుంచి సన్నటి పలకలు రెండు జారి బయటికొచ్చాయి. వాటి మధ్య పల్చటి పొర సాగింది. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని మీదొకటి ఎక్కినట్టే ఉంది. "నీది ఆడ బొద్దింక. దీనికి ఎనిమిదీ తొమ్మిదీ ఏడో దాని కిందే ఉంటాయి" అన్నారు. వాటిని చూసిన సంతోషం ఇప్పటికీ అలాగే ఉంది నాకు.

పేర్లే నన్ను ఏడిపించేవి. తెలుగులో పృష్ఠఫలకం, లాటిన్‌లో టర్గమ్. ఛాతీ దగ్గరికొచ్చేసరికి అదే నోటమ్ అయిపోతుంది. "పృష్ఠతాడనాద్దంతభంగః అంటారు, విన్నారా? వీపు మీద కొడితే పళ్లూడాయని. ఆ పృష్ఠమే ఇది. టర్గమ్ అన్నా వీపే, గ్రీకులో నోటన్ అన్నా వీపే. ఇంక బట్టీ ఎందుకర్రా?" అన్నారు మేడమ్. ఆ ఒక్క మాటతో తల మీదికి గొడుగులా వచ్చే ప్రోనోటమ్, రెక్కల కింద దాగిన మీసోనోటమ్, మెటానోటమ్ నావైపోయాయి. పత్తికాయల మీద గుంపుగా చేరే ఎర్రనల్లిని తెచ్చి, దాని వీపు మధ్య నల్లటి త్రికోణం చూపించారు. అది స్క్యూటెల్లమ్, అంటే చిన్న డాలు.

తర్వాతి వారం రక్తప్రసరణ. మనకు వెన్నుపాము వీపు వైపు, గుండె ముందు వైపు. బొద్దింకకు గుండె వీపు కింద, నాడీదండం పొట్ట వైపు. ఆ మాట మరిచి నేను పలకలన్నీ ఒక్క ఊపున లేపేశాను. లోపల ఎంత వెతికినా గుండె లేదు. ఏడుపొచ్చింది. మేడమ్ ఆ పలకలను పారేయనివ్వలేదు. ఒకదాన్ని తిరగేసి నీటిచుక్క వేసి, లెన్స్ నా చేతికిచ్చారు.

లోపలి వైపు, సరిగ్గా నడిమధ్యన, దారంలా సన్నటి గొట్టం అంటుకుని ఉంది. పుస్తకంలో దానికి పదమూడు గదులు. ఛాతీలో మూడు, పొట్టలో పది, పలక కిందొకటి చొప్పున. నాకు కనిపించినవి రెండే. మేడమ్ మిగతా పలకలు కూడా వరసగా తిప్పిపెట్టి, "తొందరేం లేదు, చూడు" అని నా పక్కనే కూర్చున్నారు.